రాగిని కాపాడి మాట పడిన శాస్త్రవేత్త

నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఉద్యోగకాలమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. రిటైరయ్యాక చదివిన జీవిత చరిత్రల్లో నా మనసుకు బాగా హత్తుకున్నది సర్ హంఫ్రీ డేవీ గారిది. మన ఇళ్లలో పైపులు, గీజర్లు తుప్పు పట్టే సంగతితో ఆయనకు దగ్గర సంబంధం ఉంది గనుక సభ్యులతో పంచుకుంటున్నాను.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెన్జాన్స్‌లో, కొయ్యపై చెక్కడాలు చేసే ఒక పనివాని ఇంట జన్మించారు. చిన్న వయసులోనే తండ్రి పోగా ఒక వైద్యుని వద్ద పని నేర్చుకున్నారు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరి, 1807లో విద్యుత్తు సాయంతో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేశారు. 1815లో గని కార్మికుల కోసం రక్షణ దీపం తయారుచేసి, దానిపై పేటెంటు తీసుకోలేదు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు.

ఆ రోజుల్లో పురుగు తొలవకుండా చెక్క ఓడల అడుగున రాగి రేకు కొట్టేవారు. ఉప్పునీరు ఆ రాగిని తినేసేది. 1823లో నౌకాదళం వారు డేవీని ఉపాయం అడిగారు. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉప్పునీటిలో ఉంటే, వాటిలో చురుకైనది తాను కరిగి రెండోదాన్ని కాపాడుతుందని ఆయన గ్రహించారు. రాగి వైశాల్యంలో సుమారు వందో వంతు జింకు గానీ ఇనుము గానీ తగిలిస్తే చాలునని 1824లో ప్రయోగాలతో చూపారు. మన కొచ్చిన్‌లో టేకుతో కట్టిన సమరాంగ్ అనే ఓడకు ఇనుప దిమ్మలు బిగించి పంపితే, రాగి చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది.

కానీ మరో చిక్కు వచ్చిపడింది. కొద్దికొద్దిగా కరిగే రాగి విషంలా పనిచేసి నాచును, గుల్లలను దగ్గరికి రానిచ్చేది కాదు. రాగి కరగడం ఆగేసరికి అవి ఓడలకు దట్టంగా పట్టి వేగం తగ్గించాయి. విమర్శలు చెలరేగాయి. చివరకు నౌకాదళం ఆ పద్ధతినే మానుకుంది. డేవీకి 1826 చివర పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడు అధ్యక్ష పదవి వదిలారు. 1829 మే 29న జెనీవాలో, యాభయ్యో ఏట కన్నుమూశారు.

ఆయన సూత్రం మాత్రం తప్పు కాలేదు. నేడు ఉక్కు ఓడలకు జింకు దిమ్మలు, భూమిలోని ఉక్కు పైపులకు మెగ్నీషియం దిమ్మలు తగిలిస్తున్నారు. జింకు పూత ఉన్న బకెట్టుకు చిన్న గీత పడినా లోపలి ఇనుము వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణమూ ఇదే. చాలా గీజర్ల ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు అది కరుగుతుంది. అది పూర్తిగా అరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. కాబట్టి గీజరు బాగుచేయించేటప్పుడు ఆ కడ్డీని చూడమని మెకానిక్కుకు తప్పక చెప్పండి. జింకు పూత పైపుకు రాగి పైపును నేరుగా కలపనివ్వకండి.

బతికుండగా మాటలు పడ్డ మనిషి ఆలోచన, రెండు వందల ఏళ్ల తరువాత మన స్నానాల గదిలో పనిచేస్తోంది. ఆ మహనీయునికి నా నమస్సులు.