దోమ గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

ఎనుమాముల మార్కెట్టు యార్డులో మిరప బస్తాలకు కాపలాగా రాత్రులు గడిపే రైతులకు దోమకాటు కొత్త కాదు. కాని ఎయిడ్స్ రోగిని కుట్టిన దోమ తమను కుడితే ఆ వ్యాధి సోకదా అన్న శంకను మేము పలుమారు విన్నాము. మా విద్యార్థులలోనూ ఇది లేకపోలేదు. దీనికి సమాధానం వెదకబోతే, సికింద్రాబాదులో పనిచేసిన ఒక సైనిక వైద్యుని జీవితం మాకు జ్ఞప్తికి వచ్చింది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. కవిత్వం, గణితం ఆయనకు ప్రీతిపాత్రాలు. వైద్యవిద్య తండ్రి అభీష్టం. 1881లో భారత వైద్య సర్వీసులో చేరారు. మలేరియా అనగా చెడుగాలి. దుర్వాయువు వల్లనే ఆ జ్వరం వస్తుందని లోకం చిరకాలం నమ్మింది. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ రాస్ దృష్టిని దోమ వైపు మరల్చారు. అయితే మాన్సనూ పొరబడ్డారు. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటవల్ల రోగం వస్తుందని ఆయన ఊహ. రాస్ అదే నమ్మి, అట్టి నీటిని కొందరిచేత త్రాగించి చూశారు. నేడైతే ఇందుకు ఎవ్వరూ అనుమతించరు! ఊహ మాత్రం రుజువు కాలేదు.

1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న మచ్చరెక్కల దోమ జఠర కుడ్యంలో మలేరియా క్రిమి కనిపించింది. మరుసటి ఏట కలకత్తాలో మహమ్మద్ బక్ష్ సహాయంతో పక్షులపై ప్రయోగాలు చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా ప్రవేశిస్తుందని నిరూపించారు.

మన శంకకు సమాధానం ఇక్కడే ఉన్నది. మలేరియా క్రిమి దోమ దేహంలో పెరిగి లాలాజలంలోకి చేరగలదు, హెచ్.ఐ.వి. దోమ కడుపులో జీర్ణమై నశిస్తుంది. రక్తం పీల్చే నాళం వేరు, లాలాజలం విడిచే నాళం వేరు. ఒకరి రక్తాన్ని దోమ వేరొకరికి ఎక్కించదు. కరచాలనం, ఒకే పళ్ళెంలో భోజనం కూడా నిరపాయకరాలే. అరక్షిత లైంగిక సంపర్కం, కలుషిత రక్తం, సూదులు, తల్లినుండి బిడ్డకు సంక్రమణం, ఇవే ఆ వ్యాధి మార్గాలు.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో ఆధిక్యం కొరకు ఆయన సాగించిన కలహం మాకు రుచించలేదు. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు. ఆయన పరిశోధించిన భవనం బేగంపేటలో ఉన్నది.