చక్రపాణి

చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరి వెంకట సుబ్బారావు (ఆగష్టు 5, 1908 - సెప్టెంబరు 24, 1975) తెలుగు రచయిత, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు, సినీ నిర్మాత. బొమ్మల కథల మాసపత్రిక 'చందమామ'కు బి.నాగిరెడ్డితో కలిసి రూపకల్పన చేశాడు. విజయా ప్రొడక్షన్స్ సంస్థ నిర్మాతలలో ఒకడు.

బాల్యం, చదువు

చక్రపాణి గుంటూరు జిల్లా తెనాలిలోని ఐతానగరంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. కృష్ణా డెల్టాలోని తెనాలి బాపట్ల వైపు సాగే రైలుమార్గం నుండి రేపల్లె శాఖ చీలే కూడలి. ఆయన బాల్యంలో ఈ ప్రాంతమంతటా జాతీయోద్యమం బలంగా ఉండేది. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. 1921-22లో బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పన్నుల నిరాకరణ ఉద్యమం నడిపారు. ఈ వాతావరణంలో పెరిగిన సుబ్బారావు హిందీ అధ్యయనం వైపు మొగ్గాడు. వ్రజనందన వర్మ వద్ద హిందీలో పాండిత్యం సంపాదించాడు. 'చక్రపాణి' అనే కలం పేరు పెట్టినది కూడా ఆ గురువే.

అనారోగ్యం, అనువాదాలు

యౌవనంలోనే ఆయనకు క్షయవ్యాధి సోకింది. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రాకపూర్వం క్షయకు విశ్రాంతి, పోషకాహారం, శస్త్రచికిత్సలే శరణ్యం. 1932లో చికిత్సకై మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియంలో చేరాడు. అక్కడ తోటి రోగి ఒకరి వద్ద బెంగాలీ భాష నేర్చుకున్నాడు. ఈ విధంగా వ్యాధి ఆయన జీవితాన్ని కొత్త మలుపు తిప్పింది.

కోలుకొని తిరిగివచ్చిన తరువాత శరత్ చంద్ర ఛటోపాధ్యాయ నవలలను తెలుగులోకి అనువదించాడు. వీటిలో 'దేవదాసు' ఒకటి. అనువాదమనే స్పృహ కలగనంత సహజమైన వాడుక తెలుగులో ఉండడం వల్ల, శరత్ తెలుగు రచయితేనని చాలామంది పాఠకులు భావించేవారట. 1930లలో తెనాలి నుండి 'యువ' మాసపత్రికను నడిపాడు. తరువాతి కాలంలో ఈ పత్రిక హైదరాబాదు నుండి వెలువడింది.

చందమామ

1941లో విడుదలైన 'ధర్మపత్ని' చిత్రానికి సంభాషణలు వ్రాయడంతో ఆయన సినీరంగ ప్రవేశం జరిగింది. బి.ఎన్.రెడ్డి 'స్వర్గసీమ' (1945) కోసం మద్రాసు చేరిన తరువాత, ఆయన తమ్ముడు, ముద్రణాలయం యజమాని అయిన నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. వీరిద్దరూ కలిసి 1947 జూలైలో తెలుగులో 'చందమామ'ను, తమిళంలో 'అంబులిమామ'ను ప్రారంభించారు. నాగిరెడ్డి ముద్రణ, నిర్వహణ చూసుకోగా, పత్రిక స్వరూపం ఎలా ఉండాలో నిర్ణయించినది చక్రపాణి.

చందమామలో కథకు ఎంత ప్రాధాన్యముందో బొమ్మకూ అంతే ఉండేది. దాదాపు ప్రతి పుటలోను ఒక బొమ్మ ఉండేది. చదవడం రాని పిల్లవాడు సైతం ఆ బొమ్మల ఆధారంగా కథను ఊహించుకోగలిగేవాడు. చిత్ర (టి.వి.రాఘవన్), ఎం.టి.వి.ఆచార్య, శంకర్ (కె.సి.శివశంకరన్), వపా (వడ్డాది పాపయ్య) వంటి చిత్రకారులు ఈ పత్రిక ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యారు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుని బొమ్మ శంకర్ గీసినదే. దాసు, వాసు అనే ఇద్దరు పిల్లలు, వారి కుక్క 'టైగర్' పాత్రలుగా 'చిత్రకథ' అనే శీర్షిక కూడా వచ్చేది.

తెనాలికే చెందిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించేవరకు చందమామ సంపాదక బాధ్యతలు నిర్వహించాడు. ఇద్దరి అభిరుచి ఒకటే కావడం పత్రికకు కలిసివచ్చింది. పొడవైన సమాసాలు లేని చిన్న వాక్యాలు, సూటిగా సాగే కథనం దీని ప్రత్యేకత. క్రమంగా చందమామ పన్నెండుకు పైగా భాషలలో వెలువడింది. 2007లో యాజమాన్యం మారింది. 2013లో ప్రచురణ నిలిచిపోయింది.

సినిమాలు

విజయా సంస్థ మొదటి చిత్రం 'షావుకారు' (1950)కు కథ, సంభాషణలు చక్రపాణివే. తరువాత 'పాతాళభైరవి' (1951), 'పెళ్ళిచేసి చూడు' (1952), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) వెలువడ్డాయి. గోఖలే, కళాధర్ 'మాయాబజార్' చిత్రానికి కళా దర్శకులు. వీరిలో మాధవపెద్ది గోఖలే తెనాలి, బాపట్లల నడుమ పొన్నూరు ప్రాంతంలోని బ్రాహ్మణ కోడూరుకు చెందినవాడు. 'మిస్సమ్మ' నాయికగా మొదట భానుమతిని ఎంపిక చేశారు. చిత్రీకరణ మొదలైన తరువాత చక్రపాణికి, ఆమెకు అభిప్రాయభేదాలు రావడంతో ఆ పాత్ర సావిత్రికి దక్కి, ఆమెను అగ్రతారగా నిలబెట్టింది. తాను అనుకున్న విషయంలో చక్రపాణి రాజీపడేవాడు కాదనడానికి ఇది ఒక ఉదాహరణ.

మరణం, ప్రభావం

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న మరణించాడు. ఆయన చివరి చిత్రం 'శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్' బాపు దర్శకత్వంలో 1976లో విడుదలైంది. వ్యంగ్యచిత్రకారుడిగా పేరుపొందిన బాపు కూడా తొలినాళ్ళలో చందమామకు బొమ్మలు వేసినవాడే.

చక్రపాణి స్వయంగా చిత్రకారుడు కాదు. అయినప్పటికీ బొమ్మకు కథతో సమానమైన చోటు కల్పించి, పలువురు చిత్రకారులకు దశాబ్దాల పాటు పని కల్పించిన పత్రికను నిలబెట్టాడు. బడి పుస్తకాలకు వెలుపల తెలుగు చదవడం చందమామతోనే అలవాటైన పాఠకులు అనేకులు.