కోఠీ గ్రంథాలయం వెనుక పెనుగంచిప్రోలు బిడ్డ

పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళు గుర్తుకొస్తాయి. ఆ మునేటి ఒడ్డునే పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఎంతమందికి గుర్తున్నారో చెప్పలేం. హైదరాబాదు వెళ్ళిన మనవాళ్ళు కోఠీలో బట్టలో, పుస్తకాలో కొనుక్కొని వస్తారు. ఆ పక్కనే సుల్తాన్ బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మన జిల్లావాడి పూనికతో పుట్టిందని చెబితే ఆశ్చర్యపోతారు.

లక్ష్మణరావు గారు 1877లో జన్మించారు. మూడేళ్ళ పసివయసులోనే తండ్రి వెంకటప్పయ్య గారు పోయారు. అక్క భండారు అచ్చమాంబ గారు తమ్ముణ్ణి తనవద్దకు తీసుకుపోయి నాగపూరులో చదివించారు. ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడి పక్కన కూర్చొనే అక్షరాలు నేర్చి, తరువాత స్త్రీల చరిత్రలు రాసి పేరు తెచ్చుకొన్నారు. అక్క తమ్ముణ్ణి పెంచితే, తమ్ముడి చదువు అక్కను రచయిత్రిని చేసిందన్నమాట. ఆయన మరాఠీలో కూడా చేయి తిరిగిన రచయిత. 1900లో ఎం.ఏ. అయ్యారు.

అంత చదివినవారు సర్కారు కొలువు చూసుకోక మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి వద్ద చేరి, దివాను అయ్యారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఆ రోజుల్లో కృష్ణా జిల్లాదే. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఇంగ్లీషువారి ఏలుబడిలోని ఈ పరగణా. ఊరి పొలిమేర దాటితే ప్రభుత్వ భాష ఉర్దూ. అక్కడి జనంలో తెలుగువారే ఎక్కువైనా కచేరీలో తెలుగు కాగితం చెల్లదు. హైదరాబాదు నగరంలో తెలుగు పుస్తకం చదువుకొందామంటే చోటులేదు.

1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో భాషానిలయం మొదలైంది. అంటే ఆ గ్రంథాలయానికి తొలి భవనం ఒక గృహస్థు ఇల్లు. మునగాల రాజా వారు ధనసహాయం చేశారు. తెలుగు రాజ్యాన్ని వెలిగించిన రాయల పేరు దానికి పెట్టారు. ఆ దారినే 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రుడి పేర, 1905లో సికింద్రాబాదులో మరొక గ్రంథాలయం వెలిశాయి.

అరలు ఉన్నాయి గాని వాటిలో పెట్టడానికి తెలుగులో పుస్తకాలేవీ? పురాణాలు, ప్రబంధాలు ఉన్నాయి. చరిత్ర, సైన్సు, గొప్పవారి జీవితాలు మామూలు మనిషి చదివే తెలుగులో కరువు. ఈ లోటు తీర్చడానికే 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో ఆ మాల ఆరంభమైంది. మన నందిగామవారైన అయ్యదేవర కాళేశ్వరరావు గారూ ఇందులో చేయి కలిపారు. తరువాత మండలి మద్రాసుకు మారింది.

నగరంలో నిలయం పని మాత్రం ఆగలేదు. నందిగామ తాలూకాలో పుట్టిన మాడపాటి హనుమంతరావు గారు కార్యదర్శిగా దాన్ని పెంచారు. 1921లో సొంత భవనం అమరింది. అదే ఏడు నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో తెలుగువారు ఆంధ్ర జనసంఘం పెట్టుకొన్నారు. నగరంలో తెలుగువాడి పరిస్థితి అది. అటువంటి చోట తెలుగు బోర్డు కట్టిన సొంత ఇల్లు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లక్ష్మణరావు గారు అప్పటికి మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిలో తలమునకలుగా ఉన్నారు. లోకంలోని విషయాలన్నీ అక్షరక్రమంలో తెలుగులో ఇవ్వాలని ఆయన ఆశ. మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం పూర్తికాలేదు. 1923 జూలైలో నలభై ఆరేళ్ళకే కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1919లో తుదిశ్వాస విడిచింది కూడా మద్రాసులోని ఈయన ఇంట్లోనే.

అక్క పేరు పెట్టుకొన్న ఆయన కూతురు డాక్టరు అచ్చమాంబ గారు 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. తెలంగాణాలోని శాసనాలు వెతికి అచ్చువేయడానికి హైదరాబాదులో ఏర్పడిన సంస్థకు లక్ష్మణరాయ పరిశోధక మండలి అని ఆయన పేరే పెట్టారు.