ఇనుమును పిండిన బ్రిడ్జ్‌మన్

 

పోత ఇనుము ముక్క విరిగినప్పుడు విరిగిన చోటు చూశారా? ఉప్పు పలుకుల్లా మెరుస్తుంది. లోహమంతా అలాంటి రేణువులే. ఒక రేణువులో మొదలైన జారుడు పక్క రేణువు అంచు దగ్గర ఆగుతుంది. రేణువులు సన్ననైతే అంచులెక్కువ, అందుకే బలమెక్కువ. అయితే గట్టిగా నొక్కితే చాలు, రేణువులు చిన్నవైపోతాయని నేననుకునేవాణ్ణి. అది తప్పని బ్రిడ్జ్‌మన్ గారి కథ చదివాకే తెలిసింది.

పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1882 ఏప్రిల్ 21న అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. నాన్నగారు పత్రికా విలేకరి. 1900లో హార్వర్డ్‌లో చేరి, 1908లో డాక్టరేటు పొంది, చివరిదాకా అక్కడే పనిచేశారు. పనిముట్లు చాలామటుకు తన చేత్తోనే చేసుకునేవారు. ఇది నాకు బాగా నచ్చింది.

ఆయనకు ముందువాళ్ళు సుమారు 3,000 వాతావరణాల ఒత్తిడి దగ్గరే ఆగిపోయారు. ఎందుకంటారా? మూత దగ్గర కారిపోయేది. మన బోరింగు వాషరు అరిగితే నీళ్ళు కారవూ, అలాగన్నమాట. ఆయన చేసిన మూతలో లోపలి ఒత్తిడి పెరిగేకొద్దీ వాషరు తనంతట తనే ఇంకా బిగుసుకుంటుంది! దాంతో కారడం ఆగింది గానీ ఉక్కు గొట్టాలు పగలడం మొదలైంది. అయినా వదల్లేదు, చివరికి లక్ష వాతావరణాలు దాటారు. అంటే గోరంత చోటు మీద వంద టన్నులు!

ఉక్కు కడ్డీని లాగితే ఒకచోట సన్నబడి తెగుతుంది. ఒత్తిడిలో ఉంచి లాగితే తెగకుండా ఎంతో సాగిందని ఆయన చూశారు. లోపల పుట్టే చిన్న చిన్న చిల్లులను ఒత్తిడి పెరగనివ్వదు మరి. 1935లో పలచని బిళ్ళలను రెండు ఉక్కు దిమ్మెల మధ్య నొక్కిపట్టి మెలితిప్పారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రేణువులను నలిపేది మెలి. ఒత్తిడి చేసే పనల్లా బిళ్ళ పగలకుండా కాయడమే. ఊరికే నొక్కితే ఏమీ కాదు.

1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1961 ఆగస్టు 20న, 79 ఏళ్ళ వయసులో పోయారు. 1980ల చివర్లో రష్యాలోని ఉఫా నగరంలో ఇదే మెలితో వెంట్రుకలో వందో వంతు కూడా లేని రేణువులు తయారుచేశారు. ఆ లోహం మామూలు దానికన్నా చాలా గట్టిది. కాకపోతే దొరికేది చిన్న బిళ్ళంతే, దాంతో నాగలి కర్రు చేయలేం.

— 9వ తరగతి విద్యార్థి