ప్రకృతి పరిశోధకుడు జెర్డన్

నెల్లూరు జిల్లాకు పడమటి హద్దుగా వెలిగొండలు బారులు తీరి ఉన్నాయి. ఆ కొండల సమీపంలో ఉదయగిరి, దానికి ఆగ్నేయదిశగా పెన్నానదికి చేరువలో ఆత్మకూరు ఉన్నాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గంగా ఉదయగిరి చరిత్రకెక్కింది. ఎర్రనేలలు, ముళ్లపొదలు, వానకు ఆశపడే చెరువులు గల ఈ మెట్టసీమ రాజుల గాథలకే కాదు, మట్టిలో మసలే అల్పప్రాణులకు కూడా నెలవు. దక్షిణభారతంలోని ఇటువంటి ప్రాణులను శ్రద్ధగా పరిశీలించి, శాస్త్రలోకానికి పరిచయం చేసిన వారిలో థామస్ కావర్‌హిల్ జెర్డన్ అగ్రగణ్యుడు.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హామ్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుడుగా చేరాడు. 1836 ఫిబ్రవరిలో మద్రాసులో అడుగుపెట్టాడు. తొలుత గంజాం ప్రాంతంలో జ్వరం, అతిసారం వాతబడిన సైనికులకు చికిత్స చేశాడు. వైద్యం ఆయనకు వృత్తి. ప్రకృతి పరిశీలన ప్రవృత్తి. ఏ ఊరికి బదిలీ అయినా, అక్కడి పక్షులు, చీమలు, పాములు, కప్పలు ఆయన దృష్టిని దాటిపోయేవి కావు.

1840 దశకంలో ఆయన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడ ఆయనకు యానాదుల పరిచయం లభించింది. పొదనూ పుట్టనూ చదవగల నేర్పు యానాదులకు తరతరాలుగా అబ్బిన విద్య. పట్టాలు పొందిన జెర్డన్, అక్షరం ఎరుగని ఆ అడవిబిడ్డల నుండి స్థానిక ప్రాణుల విశేషాలను తెలుసుకొన్నాడు. 1843-47 సంవత్సరాల మధ్య మద్రాసులో ఆయన వెలువరించిన పక్షుల చిత్రగ్రంథానికి దేశీయ చిత్రకారులు బొమ్మలు వేశారు. ఆయన కీర్తిలో పేరు తెలియని ఎందరికో భాగమున్నది.

నెల్లూరుకు ఎగువన గల కొండసీమలోను, కడప ప్రాంతంలోను ఆయన ఒక అపూర్వమైన పక్షిని గుర్తించాడు. నేలపైనే తిరుగుతూ, రాత్రివేళ సంచరించే ఆ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ శాస్త్రీయంగా వర్ణించాడు. స్థానికులు దానిని కలివికోడి అంటారు. శాస్త్రలోకంలో అది జెర్డన్ పేరుతోనే ప్రసిద్ధి పొందింది.

కప్పల విషయంలో ఆయన కృషి మరింత విశిష్టమైనది. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక 22వ సంపుటంలో, 1853 సంవత్సరానికి చెందిన రచనలో, ఆయన దక్షిణభారతపు సరీసృపాలను, కప్పలను జాబితాగా కూర్చాడు. మైక్రోహైలా రుబ్రా అనే ఎర్రని చిన్నకప్పను శాస్త్రానికి తెలిపినది ఆ రచనే. ఇది సన్నని నోరుగల కప్పల కుటుంబానికి చెందినది. ఏడువందలకు పైగా జాతులున్న ఈ కుటుంబంలో అనేకం నేలమీదనో, నేలలోపలనో నివసిస్తాయి. ఎర్రని చిన్నకప్ప వెనుకకాళ్లతో మట్టిని తవ్వి లోపల దాగుతుంది. చీమలు, చెదలు దాని ఆహారం. వాన కురియగానే వెలికివచ్చి, తాత్కాలికంగా నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. నాలుగునాళ్లుండే నీటిగుంట దాని వంశానికి ఉయ్యాల.

జెర్డన్ 1862-64 సంవత్సరాలలో భారతదేశపు పక్షులపై, 1867లో క్షీరదాలపై బృహద్గ్రంథాలను ప్రకటించాడు. 1868లో ఉద్యోగ విరమణ చేసి, తరువాత ఇంగ్లండు చేరి, 1872 జూన్ 12న కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం కలివికోడి కథ మలుపు తిరిగింది. 1900 తరువాత అది ఎవరికీ కనబడక, అంతరించిపోయినదనే భావన స్థిరపడింది. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో దానిని తిరిగి కనుగొన్నాడు. అప్పుడు కూడా తోడ్పడినది స్థానికుల పరిజ్ఞానమే. అయినా పొదలు తరిగిపోవడంతో ఆ పక్షి నేటికీ తీవ్రప్రమాదంలోనే ఉన్నది.

ఎర్రని చిన్నకప్పకు అంతటి ముప్పు ఇంకా రాలేదు. కాని దాని బంధువులలో, ముఖ్యంగా మడగాస్కర్ ద్వీపంలో, పలు జాతులు అడవుల నరికివేత వలన అంతరించే దశకు చేరుకొన్నాయి. ప్రపంచంలోని ఉభయచరాలలో సుమారు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నట్లు 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గుంటలు పూడ్చివేసినా, పొలాలలో పురుగుమందులు మితిమీరినా, నేలకప్పకు తలదాచుకొనే చోటు కరవవుతుంది.

ఒక ప్రాణికి పేరు పెట్టినంత మాత్రాన అది బ్రతకదు. కలివికోడికి జెర్డన్ పేరున్నా, దాదాపు ఎనభై ఆరేళ్లపాటు దాని జాడ తెలియలేదు. జెర్డన్ పేర్లనిచ్చాడు, యానాదులు ఎరుకనిచ్చారు. ఆ ప్రాణులకు నీటిగుంటను, ముళ్లపొదను మిగిల్చే బాధ్యత తరువాతి తరాలది. తొలకరికి ఉదయగిరి, ఆత్మకూరు పొలాలలో కప్పల బెకబెకలు వినిపించినంతకాలం ఆ బాధ్యత కొంతైనా నెరవేరుతున్నట్లే.