ఇంటి గుమ్మం దాటని గణతంత్రం

1947 ఆగస్టు 15న స్వతంత్ర భారత తొలి మంత్రివర్గం కొలువుదీరిన నాటికి ఈ దేశానికి ఇంకా రాజు ఉన్నాడు. డొమినియన్ ప్రతిపత్తి కింద ఆరో జార్జి రాజుగానూ, ఆయన ప్రతినిధిగా గవర్నర్ జనరల్ కొనసాగారు. 1950 జనవరి 26న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి తప్పుకొని రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతి అయ్యాక గానీ రాచరికం ముగియలేదు. ఆ సంధికాలపు మంత్రివర్గంలో న్యాయశాఖను నిర్వహించినవారు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. రాజు లేని రాజ్యానికి రాజ్యాంగ ముసాయిదా రూపొందించడం ఆయనకు సాధ్యమైంది. కులం లేని కుటుంబానికి చట్టం చేయడం మాత్రం సాధ్యపడలేదు. ఆయన జీవితాన్ని ఈ రెండింటి నడుమ ఉంచి చదవాలన్నది నా అభిప్రాయం.

1891 ఏప్రిల్ 14న మహూలో, సైన్యంలో పనిచేసిన మహర్ కుటుంబంలో అంబేడ్కర్ జన్మించారు. 1916లో, పాతికేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలోనే కులానికి ప్రాణాధారం సజాతి వివాహమని సిద్ధాంతీకరించారు. స్త్రీ వివాహంపై నియంత్రణ లేకుండా కులం నిలవదని అప్పుడే నిర్ధారించారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని దహనం చేయించారు. 1942 నుంచి నాలుగేళ్లపాటు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. కనుక 1947లో ఆయనకు దక్కిన మంత్రిపదవిని ఎవరో పెట్టిన భిక్షగా చూడటం చరిత్రకు అన్యాయం. రాజ్యాంగ సభకు బొంబాయిలో దారి మూసుకుపోతే, జోగేంద్రనాథ్ మండల్ తదితరుల తోడ్పాటుతో బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. విభజనతో ఆ స్థానం పోయాక కాంగ్రెస్ మద్దతుతో బొంబాయి నుంచి తిరిగి వచ్చారు.

ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా రాజ్యాంగ రచనను నడిపిస్తూనే, న్యాయమంత్రిగా హిందూ కోడ్ బిల్లును ఆయన భుజాన వేసుకున్నారు. కుమార్తెకు ఆస్తి హక్కు, విడాకులు, ఏకపత్నీత్వం అందులోని ముఖ్యాంశాలు. వివాహం చెల్లుబాటుకు కులం షరతు కాకూడదన్నది మరొకటి. మన పాఠ్యపుస్తకాలు దీన్ని స్త్రీల సమస్యగానే చూపిస్తాయి. 1916 నాటి పత్రాన్ని పక్కన పెట్టుకొని చదివితే అది కులనిర్మూలనకు ఆయన ఎంచుకున్న చట్టరూపమని విద్యార్థులు గ్రహిస్తారు. భూమి, పెళ్లి ఒకే కులం గడపలో తిరిగినంత కాలం ఓటు ఒక్కటే సమానత్వాన్ని తేలేదని ఆయనకు తెలుసు. రాజకీయ సమానత్వం, సామాజిక అసమానత ఒకే ఇంట కాపురం చేస్తే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభను హెచ్చరించారు కూడా.

బిల్లుకు వ్యతిరేకత వీధుల్లోనే కాదు, పాలకపక్షంలోనూ ఉంది. రాష్ట్రపతి సైతం అభ్యంతరం తెలిపారు. 1951 సెప్టెంబర్‌లో కొన్ని క్లాజులపై చర్చ జరిగాక ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టింది. అదే నెల 27న అంబేడ్కర్ రాజీనామా చేశారు. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను నియమించకపోవడం, షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం, కీలకమైన మంత్రివర్గ సంఘాల్లో తనకు చోటు లేకపోవడం ఆయన చెప్పిన ఇతర కారణాలు. అక్టోబర్ 10న సభలో ప్రకటన చేయబోతే, దాని ప్రతిని ముందుగా ఇవ్వాలని సభాపతి స్థానంలో ఉన్న మన తిరుచానూరు వాసి అనంతశయనం అయ్యంగార్ పట్టుబట్టారు. అంబేడ్కర్ సభ విడిచి వెళ్లి, ప్రకటనను పత్రికలకు ఇచ్చారు.

ఆ మరుసటి ఎన్నికల్లో ఆయన బొంబాయిలో ఓడిపోయారు. వెనుకబడిన తరగతుల తొలి కమిషన్ 1953లో ఏర్పడింది. కోడ్ 1955-56లో నాలుగు ముక్కలుగా చట్టమైంది. 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూసే నాటికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులదే. కూతురికి ఆ హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి, దేశమంతా 2005లో గుర్తించాయి.

మంత్రివర్గంలో ఒక దళితుడికి స్థానం ఇవ్వడం వేరు, ఆయన తెచ్చిన చట్టానికి స్థానం ఇవ్వడం వేరు. మొదటిది ప్రాతినిధ్యం, రెండోది అధికారం. నేటికీ కులాంతర వివాహం చేసుకున్న యువతీయువకులను కన్నవారే చంపుకొంటున్న తెలుగు నేలపై, ప్రాతినిధ్యాన్ని లెక్కించి తృప్తిపడే రాజకీయం ఆ 1951 రాజీనామాకు ఇంకా సమాధానం బాకీ పడే ఉంది.