జీన్ లియోనార్డ్ మేరీ పాయిజూయ్

జీన్ లియోనార్డ్ మేరీ పాయిజూయ్ (1797 ఏప్రిల్ 22 - 1869 డిసెంబరు 26) ఫ్రాన్సు దేశానికి చెందిన వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త. సన్నని గొట్టాలలో ద్రవాల ప్రవాహానికి సంబంధించిన సూత్రాన్ని ప్రయోగపూర్వకంగా కనుగొన్నాడు. స్నిగ్ధతకు ప్రమాణమైన పాయిజ్ ఈయన పేరు మీదుగా ఏర్పడినదే.

జీవితం

పాయిజూయ్ పారిస్ నగరంలో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించాడు. 1815లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1816లో రాజకీయ కారణాల వలన ప్రభుత్వం అక్కడి విద్యార్థులందరినీ తొలగించింది. పాయిజూయ్ తిరిగి అందులో చేరక వైద్యవిద్యను ఎంచుకున్నాడు. 1842లో ఫ్రాన్సు వైద్య అకాడమీ సభ్యుడయ్యాడు. పారిస్‌లోనే మరణించాడు.

పరిశోధనలు

1828లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ధమనులలోని రక్తపీడనాన్ని పాదరస గొట్టంతో కొలిచే పద్ధతిని వివరించాడు. అంతకు పూర్వం స్టీఫెన్ హేల్స్ ఇందుకు చాలా పొడవైన గాజు గొట్టాన్ని వాడవలసి వచ్చింది. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా పాయిజూయ్ పొటాషియం కార్బొనేటును ఉపయోగించాడు.

తరువాత సూక్ష్మ రక్తనాళాలలోని ప్రవాహాన్ని అర్థం చేసుకోదలచాడు. శరీరం వెలుపల గడ్డకట్టే రక్తంతో దీర్ఘ ప్రయోగాలు కష్టం. కనుక సన్నని గాజు గొట్టాలలో స్వేదనజలాన్ని ప్రవహింపజేసి, పీడనాన్ని, ఉష్ణోగ్రతను జాగ్రత్తగా కొలిచాడు. ప్రవాహ పరిమాణం గొట్టం వ్యాసం యొక్క నాలుగవ ఘాతానికి, పీడన భేదానికి అనులోమానుపాతంలోను, గొట్టం పొడవుకు విలోమానుపాతంలోను ఉంటుందని తేల్చాడు. గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారవ వంతుకు తగ్గుతుంది. జర్మనీకి చెందిన హేగెన్ 1839లో స్వతంత్రంగా ఇటువంటి ఫలితాలనే ప్రకటించినందున దీనిని హేగెన్-పాయిజూయ్ సూత్రం అంటారు.

కృత్రిమ హృదయ కవాటాల పరీక్ష

రక్తానికి బదులు ఏ ద్రవాన్ని వాడాలన్న ప్రశ్న కృత్రిమ హృదయ కవాటాల పరీక్షలోనూ ఎదురవుతుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద రక్తపు స్నిగ్ధత సాధారణంగా 3 నుండి 4 సెంటీపాయిజ్‌లు ఉంటుంది. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల వద్ద సుమారు 1 సెంటీపాయిజ్ మాత్రమే. పలుచని ద్రవం మూసిన కవాటపు సన్నని సందులగుండా ఎక్కువగా కారుతుంది. కాబట్టి ఉప్పునీటితో చేసిన పరీక్షలో లీకేజీ రక్తంలో కంటే అధికంగా కనబడవచ్చు. ఈ లోపాన్ని తగ్గించడానికి నీటిలో సుమారు 36 నుండి 40 శాతం గ్లిసరిన్ కలుపుతారు.

అయితే రక్తం, ఎర్రకణాల వలన, ప్రవాహ వేగాన్ని బట్టి స్నిగ్ధతను మార్చుకుంటుంది. గ్లిసరిన్ ద్రావణానికి ఈ గుణం లేదు. అందువలన కొన్ని ప్రయోగాలలో జాంథన్ గమ్ కూడా చేరుస్తారు. ఇవేవీ రక్తంలా గడ్డకట్టవు. కావున కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని ఈ ద్రవాలతో తేల్చలేము. దానికి రక్తంతోనే వేరుగా పరీక్షించాలి.